బోర్డు పోయిందనే ముందు



రిపేరు షాపులో చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. అయితే ఆన్ కాని డెస్క్‌టాప్ ఏదొచ్చినా అక్కడ ముందే "బోర్డు పోయింది" అనేస్తున్నారని నువ్వు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను. ఆ మాట అన్నిటికన్నా ఆఖరున రావాలిరా. అది వినగానే వేల రూపాయలు ఎలా తేవాలా అని ఎదుటి మనిషి లెక్కలు వేసుకుంటాడు. డీటీపీ చేసుకునేవాళ్లకి ఆ కంప్యూటరే కూడు పెడుతుంది.

ముందు అడిగి తెలుసుకో: అసలు ఆన్ కావట్లేదా, ఆన్ అయ్యి తెర మీద ఏమీ రావట్లేదా? ఫ్యాను తిరుగుతూ బొమ్మ రాకపోతే అది వేరే జబ్బు. ర్యామ్ తీసి, తుడిచి, క్లిప్పు పడేదాకా నొక్కి పెట్టు. గ్రాఫిక్స్ కార్డు ఉండగా మానిటర్ కేబుల్ బోర్డుకి పెట్టారేమో చూడు. చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఏ చప్పుడూ లేకపోతే గోడ దగ్గర మొదలుపెట్టు. సాకెట్‌లో ఫోను చార్జర్ పెట్టి చూడు. యూపీఎస్, స్పైక్ బస్టర్ పక్కనపెట్టి నేరుగా గోడకే కలుపు. పవర్ కార్డు మార్చు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వెనక స్విచ్చి ఆన్‌లో ఉందా? ఇల్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆగిపోవడం మామూలే. పాతవాటిలో 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్చి ఉంటుంది. మన దేశంలో అది 230 మీదే ఉండాలి. ఆ తర్వాత పవర్ కార్డు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టి చూడు. కరెంటు ఎగుడుదిగుడైనప్పుడు లోపలి రక్షణ బిగుసుకుపోయి ఉంటే దీనితో వదులుతుంది.

ఇక మూత తియ్యి. బటన్ వైర్లు బోర్డుకి తగిలే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలుపు. లేచిందా, చెడింది బటనే. లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడాలి. 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరునీ దాని పక్క నల్ల వైరునీ చిన్న తీగతో కలిపితే అది ఒంటరిగా లేవాలి. కొన్ని కొత్తవాటిలో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి పిన్ను నంబరు గుర్తుపెట్టుకో: 16, పక్కనున్న 17. ఫ్యాను తిరిగిందని అంతటితో సరిపెట్టుకోకు, తిరగలేదని కొట్టిపారెయ్యకు. కొన్నిటిలో లోడు లేకపోతే ఫ్యాను తిరగదు. మీటరు పెట్టి కొలువు. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య, 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ఈ కొలత కూడా లోడు లేకుండా తీసిందే. అనుమానం మిగిలితే షాపులో బాగా పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి తగిలించి చూడు.

ఒక్కటి మాత్రం నా మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకు. దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, పవర్ కార్డు పీకాక కూడా. చెడితే మార్చెయ్యి. నీ ప్రాణం కన్నా ఆ ముక్క ఖరీదైంది కాదు.

ఎస్‌ఎంపీఎస్ బాగుండి, కంప్యూటర్ ఒక్క క్షణం లేచి ఆగిపోతుంటే ఎక్కడో షార్ట్ ఉండొచ్చు. యూఎస్‌బీ పోర్టుల్లో వంగిన పిన్ను, బోర్డు కింద జారిన స్క్రూ వెతుకు. దొరక్కపోతే అన్నీ ఊడదీసి ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి లేపు. ప్రాసెసర్ దగ్గరుండే 12 వోల్టుల కనెక్టర్ బిగిసి ఉండాలి. లేస్తే తీసినవాటిని ఒక్కొక్కటే తగిలిస్తూ రా. రెండు ఒకేసారి పెడితే దొంగ ఎవరో తెలీదు. ఒక్కటి తగిలించినప్పుడల్లా ముందు పవర్ కార్డు పీకెయ్యాలి సుమా.

ఇంత చేశాక కూడా లేవకపోతే, బోర్డో ప్రాసెసరో అని అప్పుడు చెప్పు. ఏమేం చూశావో కూడా చెప్పు. ఫోటోలూ ఫైళ్లూ ఏమవుతాయోనని జనం బెంగపడతారు. పవర్ రాకపోతే హార్డ్ డిస్క్ పోయినట్టు కాదని ముందే ధైర్యం చెప్పు, ఫార్మాట్ మాట ఎత్తకు. బోర్డు మార్చాల్సే వస్తే, డిస్క్‌కి తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ రికవరీ కీ ఉందా అని అడుగు. మార్చాక విండోస్ అది అడిగితే, లేనివాళ్లకి ఆ డేటా అందదు.

మీటరు లేదన్నావుగా, ఈ ఆదివారం మీ అమ్మ చేత ఒకటి పంపిస్తున్నాను.

మీ మామయ్య