పొగగొట్టమును పొరుగువాని ఊపిరియు

దూరప్రయాణముల కుపయోగించు పెద్ద మోటారు సైకిళ్ల పొగగొట్టమునందు కెటాలిటిక్ కన్వర్టరు అను భాగము గలదు. కొందరు దానిని కోసి తీసివేయుచున్నారు. ఇది తగునా యని మేము విచారింపదలచితిమి.

ఆ భాగమునందు తేనెపట్టువలె సన్నని గదు లుండును. వాని గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి లోహములు పలుచగా పూయబడియుండును. వేడిపొగ వాని నొరసికొని పోవునప్పుడు విషమగు కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువుగను, కాలక మిగిలిన పెట్రోలు ఆ వాయువుగను నీటియావిరిగను, నైట్రోజను ఆక్సైడులు నైట్రోజనుగను మారును. లోహములు మాత్రము వ్యయము కావు. కావుననే వానిని ఉత్ప్రేరకము లందురు. అనగా ఇది పొగను వడగట్టు జల్లెడ కాదు, దాని గుణమును మార్చునది.

దీనిని తీసినచో బండి బరువు కొంత తగ్గును, ధ్వని హెచ్చును. బలము పెరుగునందురు గాని, పెట్రోలు గాలుల పాళ్లను సరిచేయనిదే ఆ లాభము స్వల్పము. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నియమములకును అది విరుద్ధము.

విద్యార్థులారా, నడుపువాడు ముందునకు సాగిపోవును. పొగ వెనుక నిలుచును. దానిని పీల్చువారు బాటప్రక్క నడచు బాలురును, అంగడి పెట్టుకొన్న స్త్రీలును. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అయినను రక్తములో ప్రాణవాయువు చోటు నాక్రమించును. కంటికి కానరాని హానియు హానియే. మన వేడుకకై పొరుగువాని ఊపిరిని చెరుపరాదు.