గడువున్న గూడు

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు ముగించి ఉద్యోగానికో, పై చదువుకో నగరం చేరే యువతీయువకులకు మొదట ఎదురయ్యే సమస్య నివాసం. ఎంతకాలం ఉంటామో తెలియని ఊరిలో ఇల్లు అద్దెకు తీసుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను, ఒప్పంద పత్రంలోని ముఖ్యమైన మాటల అర్థాన్ని, ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య ఉండవలసిన నిజాయితీని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'అతిథి' అనే మాటకు మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి ఒకటుంది. రాకకు తిథి నియమం లేనివాడు అతిథి. అతడు ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు వెళతాడో లెక్క ఉండదు. అద్దెదారు స్థితి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అతడు ఏ తేదీన ఇంట్లో చేరాడో, ఏ తేదీ వరకు ఉంటాడో, నెలనెలా ఏ తేదీలోగా అద్దె చెల్లిస్తాడో అన్నీ కాగితం మీద రాసి ఉంటాయి. మనసులో అతిథిగా ఉంటూ, కాగితం మీద అద్దెదారుగా సంతకం చేసినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

తిక్కన విరాటపర్వంలో పాండవులు మత్స్యదేశ రాజధానిలో అడుగుపెట్టక ముందే ఎంతో ఆలోచించారు. ఎవరు ఏ పేరుతో, ఏ వృత్తిలో ఉండాలో నిర్ణయించుకొన్నారు. పరుల కొలువులో ఎలా మెలగాలో ధౌమ్యుని వలన విన్నారు. ఆయుధాలను ఊరి వెలుపల జమ్మిచెట్టు మీద భద్రపరిచారు. ఉండవలసిన కాలం ఒక ఏడాది అని వారికి ముందే తెలుసు. తెలిసి కూడా అంత జాగ్రత్త పడ్డారు. నేటి యువకునికి ఆ గడువు కూడా నిశ్చయం కాదు. శిక్షణ ముగియగానే పుణెకో చెన్నైకో బదిలీ కావచ్చు. పై చదువుకు సీటు రావచ్చు. ఉద్యోగమే నిలవకపోవచ్చు. ఇంటివద్ద పెద్దల ఆరోగ్యం చెడి తిరిగి వెళ్ళవలసి రావచ్చు. కాబట్టి అతడు మరింత ముందుచూపుతో వ్యవహరించాలి.

ఒక స్వానుభవం

1996లో నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిని. వసతిగృహంలో చోటు దొరకక విద్యానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకొన్నాను. నెలకు 800 రూపాయల అద్దె. మూడు నెలల అద్దె, అంటే 2,400 రూపాయలు అడ్వాన్సు. మంచి ధర వచ్చేదాకా ఆగుదామని ఇంట్లో నిలవ ఉంచిన ధాన్యాన్ని మా నాన్నగారు ఆ సొమ్ము కోసం తొందరపడి అమ్మారు.

ఇంటి యజమానురాలు భర్తను కోల్పోయిన గృహిణి. కింది భాగంలో తాము ఉంటూ, మేడమీది గది అద్దెతో కుమారుని చదువు సాగిస్తున్నారు. "ఏడాదిపాటు ఉంటారు కదా బాబూ?" అని అడిగారు. "ఉంటానండీ" అన్నాను. అప్పటికే నేను వేరొక జిల్లాలోని కళాశాలలో అధ్యాపక పదవికి ఇంటర్వ్యూకు హాజరై ఉన్నాను. ఫలితం రాలేదు. ఆ సంగతి చెబితే గది ఇవ్వరేమోనని చెప్పలేదు.

ఐదవ నెలలో నియామకపత్రం వచ్చింది. పది రోజులలో చేరాలి. మేడ దిగి ఆమెకు విషయం చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "గదిలో దిగే రోజుకే ఈ సంగతి మీకు తెలుసునా?" అని మాత్రం అడిగారు. తెలుసునని ఒప్పుకొన్నాను. అడ్వాన్సు మాట ఎత్తే ముఖం లేక, ఉత్తరాలు వస్తే పంపమని కళాశాల చిరునామా రాసి ఇచ్చి, సామాను సర్దుకొని వచ్చేశాను. నాన్నగారితో "డబ్బు తరువాత ఇస్తారు" అన్నాను. అది నాకే నమ్మకం లేని మాట.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు కళాశాలకు 800 రూపాయల మనియార్డరు వచ్చింది. కూపను మీద రెండే వాక్యాలున్నాయి. "గది రెండు నెలలు ఖాళీగా ఉంది. మిగిలినది పంపుతున్నాను."

ఆమె న్యాయశాస్త్రం చదివినవారు కారు. అయినా తమకు కలిగిన నష్టం ఎంతో అంతే తీసుకొన్నారు. నేను గదిలో చేరేటప్పుడే నిజం చెప్పి, ఇంటర్వ్యూ ఫలితం ఎటూ తేలక ముందే ఒక ఏర్పాటు చేసుకొని ఉంటే, గది అన్నాళ్ళు ఖాళీగా ఉండేది కాదు. నేను దాచిన ఒక్క మాటకు ఖరీదు 1,600 రూపాయలు. దానిని చెల్లించినది నేను కాదు, మా నాన్నగారు.

పదకొండు నెలల ఒప్పందం

అద్దె ఒప్పందాలు చాలావరకు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్న సందేహం విద్యార్థులకు కలుగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన కాలానికి స్థిరాస్తిని అద్దెకు ఇస్తే ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. ఆ శ్రమను, ఖర్చును తప్పించుకోవడానికి ఏడాదికి ఒక నెల తగ్గించి రాసుకొనే అలవాటు ఏర్పడింది. పదకొండు అనే సంఖ్యను చట్టం విధించలేదు, ఆచారం స్థిరపరచింది.

ఈ పత్రం గురించి రెండు అపోహలు ఉన్నాయి. పదకొండు నెలలూ తప్పక ఉండి తీరాలన్నది ఒకటి. ఎప్పుడంటే అప్పుడు వెళ్ళిపోవచ్చన్నది మరొకటి. రెండూ సరికావు. నడుమ ఖాళీ చేసే విషయంలో పత్రంలో ఏమి రాశారన్నదే ముఖ్యం. పత్రమే లేనప్పుడు, స్థానిక చట్టమో ఆచారమో వేరుగా లేని పక్షంలో, నివాసపు అద్దెను 106వ సెక్షను నెలవారీ అద్దెగా పరిగణిస్తుంది. అటువంటి అద్దెను ముగించడానికి పదిహేను రోజుల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

తెలుసుకోవలసిన మూడు మాటలు

మొదటిది అడ్వాన్సు. ఇది అద్దె కాదు. యజమాని వద్ద భద్రత కోసం ఉంచే సొమ్ము. హైదరాబాదులో రెండు, మూడు నెలల అద్దెను అడగడం సాధారణం. బెంగళూరులో పది నెలల అద్దెను అడిగే వాడుక చాలాకాలం సాగింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకొన్నచోటనే దానికి బలం ఉంటుంది. త్వరగా వెళ్ళే అవకాశం ఉన్నవారు అడ్వాన్సు ఎంత తక్కువగా ఉంటే అంత మేలని గ్రహించాలి.

రెండవది నోటీసు గడువు. ఖాళీ చేస్తున్నామని ఎన్నాళ్ళు ముందుగా చెప్పాలో ఇది తెలుపుతుంది. ఒక నెల, రెండు నెలలు అని రాస్తారు. రెండు నెలలని రాసిన పత్రం మీద సంతకం చేసి, పదిహేను రోజుల వ్యవధిలో బదిలీ అయితే మిగిలిన కాలానికి అద్దె ఇచ్చుకోవలసి వస్తుంది.

మూడవది లాక్-ఇన్ గడువు. ఈ గడువులోపల ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కూడా చెల్లించాలన్న షరతు ఇది. పత్రం చివర చిన్న అక్షరాలలో ఉంటుంది కనుక చాలామంది చూడరు. పత్రంలో రాసిన పరిహారం ఎంతైనా కావచ్చునని అనుకోరాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షను ప్రకారం న్యాయస్థానం సమంజసమైన పరిహారాన్నే ఇప్పిస్తుంది. పత్రంలోని మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. కానీ అడ్వాన్సు యజమాని చేతిలో ఉండగా కొద్ది సొమ్ము కోసం న్యాయస్థానానికి వెళ్ళేవారు అరుదు. సంతకానికి ముందు అడిగే ఒక ప్రశ్న, తరువాత వేసే దావాకంటె మేలు.

ఒక లెక్క

రెండు ఇళ్ళున్నాయనుకొందాం. మొదటి ఇంటికి అద్దె 12,000 రూపాయలు. ఆరు నెలల లాక్-ఇన్ ఉంది. రెండవ ఇంటికి అద్దె 13,500 రూపాయలు. లాక్-ఇన్ లేదు, నెల ముందు చెబితే చాలు. పదకొండు నెలలూ ఉంటే మొదటి ఇంటికి 1,32,000, రెండవ ఇంటికి 1,48,500 రూపాయలు అవుతాయి. మొదటిదే 16,500 రూపాయలు చౌక.

నెల ముందు చెప్పి నాలుగవ నెలాఖరుకు ఖాళీ చేయవలసి వస్తే లెక్క తలకిందులవుతుంది. మొదటి ఇంటికి నాలుగు నెలల అద్దె 48,000, లాక్-ఇన్‌లో మిగిలిన రెండు నెలలకు 24,000, వెరసి 72,000 రూపాయలు. అంటే ఉన్న ఒక్కొక్క నెలకు 18,000 రూపాయలు పడినట్లు. రెండవ ఇంటికి 54,000 రూపాయలే. ఐదవ నెలాఖరుకు వెళ్ళినా రెండవ ఇల్లే 4,500 రూపాయలు చౌక. ఆరవ నెల నిండిన తరువాత మొదటి ఇల్లు లాభసాటి. కనుక నెలనెలా అదనంగా ఇచ్చే 1,500 రూపాయలు వృథా కాదు. వెళ్ళే స్వేచ్ఛకు చెల్లించే వెల. ఆరు నెలలు దాటి ఉంటామో లేదో ఎవరికి వారే ఆలోచించుకొని ఎంచుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

ఉద్యోగంలో చేరిన వెంటనే ఇంటికోసం తొందరపడరాదు. హైదరాబాదులో అమీర్‌పేట, మాదాపూర్ వంటి చోట్ల నెలవారీగా డబ్బు తీసుకొనే హాస్టళ్ళు అనేకం ఉన్నాయి. కార్యాలయం ఎంత దూరమో, ఉద్యోగం నిలుస్తుందో లేదో తేలేవరకు అక్కడ ఉండడం మంచిది. మధ్యవర్తి ద్వారా ఇల్లు తీసుకొంటే అతనికిచ్చే కమీషను తిరిగి రాదు. నాలుగు నెలలకు వెళ్ళేవారికి అది పెద్ద బరువు.

స్నేహితులతో కలిసి ఇల్లు తీసుకొనేవారు ఒకరు ముందుగా వెళితే వారి వాటా ఎవరు భరించాలో, వారి అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలో తమలో తాము రాసుకోవాలి. స్నేహం చెడేది సాధారణంగా ఈ విషయం దగ్గరే.

బదిలీ అయ్యే అవకాశం ఉంటే యజమానికి ముందే చెప్పి, పత్రంలో ఇటువంటి వాక్యం చేర్చమని కోరాలి: "ఉద్యోగరీత్యా బదిలీ అయిన పక్షంలో అద్దెదారు ఒక నెల ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేసి ఇల్లు ఖాళీ చేయవచ్చును. అప్పటికి చెల్లించవలసిన బకాయిలు మినహాయించి అడ్వాన్సును ఇల్లు అప్పగించిన నాడే యజమాని తిరిగి ఇవ్వవలెను." తనకు బదులుగా యజమానికి సమ్మతమైన మరొకరిని చూపితే మిగిలిన గడువుకు అద్దె ఉండదన్న షరతును కూడా అడగవచ్చు. కొందరు యజమానులు నిరాకరిస్తారు. అప్పుడు పోయేది ఒక ఇల్లే. డబ్బు కాదు, మాట కాదు.

ఇంట్లో చేరేరోజున కరెంటు మీటరు రీడింగు రాసుకోవాలి. గోడలు, కుళాయిలు, తలుపుల స్థితిని ఫోటోలు తీసి యజమానికి కూడా పంపాలి. రంగులు వేయించే ఖర్చు ఎవరిదో, అపార్టుమెంటు నిర్వహణ రుసుము అద్దెలో కలిసి ఉందో లేదో అడగాలి. అడ్వాన్సుకు రసీదు తీసుకోవాలి. అద్దెను బ్యాంకు ద్వారా చెల్లిస్తే ఋజువు దానంతటదే ఉంటుంది. వెళ్ళేటప్పుడు బకాయిలు తీర్చి, ఇల్లు శుభ్రం చేసి, యజమాని సమక్షంలో తాళాలు అప్పగించాలి.

ముగింపు

యజమానులందరూ ఆశపరులు, అద్దెదారులందరూ అమాయకులు అనుకోవడం సరికాదు. చాలా ఇళ్ళలో ఆ అద్దె ఒకరి మందులకో, ఒకరి ఫీజులకో ఆధారం. మనం నడుమ వెళ్ళిపోవడం తప్పు కాదు. వెళ్ళే అవకాశం ఉందని తెలిసి కూడా చెప్పకపోవడం తప్పు. మత్స్యనగరంలో పాండవులకు తమ నిజాన్ని దాచుకోవలసిన నియమం ఉండేది. మీకు అటువంటి నియమం లేదు. కాబట్టి ఇల్లు చూసిన రోజునే, అద్దె ఎంతని అడగక ముందే, "నేను ఎంతకాలం ఉంటానో చెప్పలేనండీ" అని చెప్పండి. తరువాతి మాటలు సులువవుతాయి.

కఠిన పదాలు – అర్థాలు

వ్యుత్పత్తి = పదం పుట్టిన విధం
ముందుచూపు = రాబోయేదాన్ని ఊహించగల తెలివి
అపోహ = పొరపాటు అభిప్రాయం
పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము
సమంజసం = తగినది
వెరసి = మొత్తం కలిపి
బకాయి = చెల్లించకుండా మిగిలిన సొమ్ము

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. త్వరగా వెళ్ళిపోయే అవకాశం ఉన్నవారు ఇల్లు అద్దెకు తీసుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. రచయిత స్వానుభవం నుండి మీరు గ్రహించిన నీతి ఏమిటి? యజమానురాలి ప్రవర్తనను సమీక్షించండి.

ఆ. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. అద్దె ఒప్పందాలను పదకొండు నెలలకు రాయడానికి కారణమేమిటి?
2. లాక్-ఇన్ గడువు అంటే ఏమిటి?
3. అతిథికీ అద్దెదారుకూ గల భేదాన్ని తెలపండి.

ఇ. చేసి చూడండి.
పాఠంలోని రెండు ఇళ్ళలో మీరు ఎనిమిది నెలలు ఉంటే ఏది చౌకో లెక్కించండి. బదిలీ కారణంగా ఇల్లు ఖాళీ చేస్తున్నట్లు యజమానికి ఒక లేఖ రాయండి.