ఎండాకాలం నిలిపి వెళ్లే కారవాన్ గురించి మేనల్లుడికి లేఖ

నార్కట్‌పల్లి

చిరంజీవి మేనల్లుడికి,

సినిమా షూటింగులకు అద్దెకు తిప్పే కారవాన్‌ను, అంటే లోపల మంచం, ఏసీ, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి, జనరేటరు అమర్చిన బండిని, ఉగాది వెళ్లగానే నార్కట్‌పల్లి పొలంలో నిలిపి, వానలు పడ్డాక గాని తిరిగి రాలేని పని చిరంజీవికి పడింది గనుక, ఆ మూడు నెలల్లో బండికి ఏ రూపంలో చేటు జరుగుతుందో, దాన్ని ముందుగానే ఎలా అడ్డుకోవాలో ఇందులో వివరించడమైనది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఒక్కసారిగా ఆగినప్పుడు బండ్లను ఎక్కడివక్కడ వదిలేయడం తప్ప వాటి యజమానులకు మరో దారి లేకపోయింది. ఈసారి ముందుగా సిద్ధమయ్యే వ్యవధి ఉన్నందున దాన్ని పోగొట్టుకోకూడదు.

ఎడారిలో వాహనాలను భద్రపరచడం గురించి అమెరికా వాళ్లు చెప్పే మాటలను చిరంజీవి ఇప్పటికే చదివి ఉండవచ్చు. అరిజోనా రాష్ట్రంలోని టక్సన్ నగరం పక్కన, డేవిస్-మాంథన్ వైమానిక స్థావరంలో, రెండో ప్రపంచయుద్ధం ముగిసినప్పటి నుంచి వాడకంలో లేని విమానాలను ఆరుబయటే నిలుపుతున్నారు. అక్కడి గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇనుము తొందరగా తుప్పు పట్టదు, నేల గట్టిది కాబట్టి కాంక్రీటు పరవకపోయినా విమానాల చక్రాలు దిగబడవు. అయినా ఎండ లోపలికి దిగకుండా అద్దాల మీద, సందుల మీద తెల్లని పూత పూస్తారు. ఆ పద్ధతిలో మనకు సగమే పనికివస్తుంది. నల్లగొండ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉన్నా, రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించగానే అదే బండి మీద వాన కురుస్తుంది. ఎండకు పగిలిన ప్రతి సందూ అప్పుడు నీటికి దారి అవుతుంది. కాబట్టి బండిని ఎండకు సిద్ధం చేసే రోజునే వానకూ సిద్ధం చేయాలి.

మొదట చోటు సంగతి. రేగడి నేల ఎండకు నెర్రెలు బాసి, వానకు ఉబ్బి మెత్తబడుతుంది. దాని మీద నిలిపిన బండి ఒక పక్కకు ఒరిగి, తలుపు చట్రాలు బిగుసుకుపోతాయి. అందువల్ల చెల్క నేలలో కొంచెం ఎత్తుగా ఉన్న చోటు చూసి, మొరం పోయించి, దిమ్మిస చేయించి, దాని మీదే నిలపాలి. నీడ దొరుకుతుందని చింతచెట్టు కిందో వేపచెట్టు కిందో పెట్టడం ఆకర్షణీయంగా కనిపించినా, వేసవి గాలిదుమారానికి విరిగే కొమ్మలు, పక్షుల రెట్టలు, కారే బంక పైకప్పును పాడుచేస్తాయి గనుక చెట్టుకు దూరంగా రేకుల పందిరి వేయించడమే మేలు. తాటికమ్మల పందిరి చల్లన, ఖర్చూ తక్కువ. కానీ యాసంగి వరి కోతలయ్యాక చుట్టుపక్కల పొలాల్లో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే అలవాటు ఇంకా పోలేదు, గాలికి ఎగిరివచ్చిన ఒక్క నిప్పురవ్వ చాలు. పందిరి దేనితో వేసినా, బండి చుట్టూ పదిహేను అడుగుల మేర ఎండుగడ్డి లేకుండా చెక్కించడం తప్పనిసరి. బండి పైకప్పుకు తెల్లని చల్లదనపు రంగు వేయించినా మంచిదే. ఎండను వెనక్కి తిప్పే ఇటువంటి కప్పుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది.

టైర్లలో గాలి నిర్ణీత స్థాయికి నింపి, నేలకు తగలకుండా చెక్క పలకల మీద నిలిపి, వీలైతే చాసిస్ కింద దిమ్మెలు పెట్టి బరువును వాటి మీదికి మళ్లించి, పక్క భాగాలకు తెల్లని గుడ్డ కప్పాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. అరుగుదల లేకపోయినా వయసు మీరిన రబ్బరు ఎండకు బీటలు వారుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే బ్రేకు లైనర్లు డ్రమ్ములకు అంటుకుపోయే ప్రమాదం ఉంది గనుక, దాన్ని వదులు చేసి చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు బిగించాలి.

బ్యాటరీ విషయంలో ఉపేక్ష పనికిరాదు. దేనికీ వాడకపోయినా బ్యాటరీలోని చార్జి తనంతట తాను తగ్గుతుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. చార్జి లేకుండా ఉండిపోయిన సీసపు పలకల మీద గట్టి పొర పేరుకుంటుంది, దీనినే సల్ఫేషన్ అంటారు, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా బ్యాటరీ పూర్వపు శక్తిని అందుకోదు. కాబట్టి ముందు నెగటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీగ ఊడదీసి, బ్యాటరీలను ఇంటికి చేర్చి, గాలి ఆడే చోట పెట్టించి, నెలకొకసారి చార్జింగ్ పెట్టే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించాలి.

నీళ్ల దగ్గర ఈ జిల్లావాసికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి, నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించినప్పుడు, నల్లగొండ టెక్నిక్ అని ఈ నేల పేరే పడింది. ఆ ఫ్లోరైడ్ అటుంచితే, బోరునీటిలో కరిగి ఉన్న లవణాలు నీరు ఆవిరవుతున్న కొద్దీ గొట్టాలలో, మోటారులో, గీజరులో తెల్లని పొరగా గట్టిపడతాయి. అందుచేత ట్యాంకులోని నీళ్లన్నీ వదిలేసి, మిషన్ భగీరథ నల్లా నీళ్లతో ఒకసారి కడిగి, కుళాయిలన్నీ తెరిచి, గొట్టాలలో చుక్క కూడా మిగలకుండా చూడాలి. మురుగు ట్యాంకును సక్రమంగా ఖాళీ చేయించి కడిగించాలి. సింకు కింద వంకర గొట్టంలో నిలిచే నీరే వాసన పైకి రాకుండా అడ్డుకుంటుంది. ఎండకు అది ఆవిరైతే దుర్వాసనా బొద్దింకలూ లోపలికి వస్తాయి. ఆ నీటి మీద రెండు చెంచాల వంటనూనె పోస్తే, అది తేలి ఉండి నీరు ఇంకిపోకుండా కాపాడుతుంది.

మూసిన బండి లోపలి వేడి బయటి ఎండను చాలా దూరం దాటిపోతుంది. గ్యాస్ సిలిండరు, స్ప్రే డబ్బాలు, శానిటైజరు, లైటర్లు, మేకప్ సామాను ఏదీ లోపల ఉండకూడదు. ఫ్రిజ్ లోపల తుడిచి ఆరబెట్టి, తలుపు మూయకుండా నడుమ గుడ్డచుట్ట పెట్టాలి. అద్దాలకు లోపలి నుంచి తెల్ల అట్టలు అడ్డం పెట్టి, పైకప్పు గవాక్షాలను వాన జల్లు పడనంత మేరకు కొద్దిగా తెరిచి సన్నని జాలీ బిగించాలి. బండి మొత్తానికి ప్లాస్టిక్ పట్టా చుట్టడం మాత్రం వద్దు. అది వేడినీ తేమనూ లోపలే బంధిస్తుంది, గాలికి కొట్టుకుంటూ రంగును గీకేస్తుంది. పైకప్పు అతుకుల దగ్గర పాత సీలెంటును వేలితో నొక్కి చూసి, పెళుసుగా విరిగితే గీకేసి కొత్తది వేయించాలి. ఎలుకలు తీగలను కొరుకుతాయి గనుక గొట్టాలు, తీగలు వెళ్లే రంధ్రాలను ఇనుప పీచుతో మూయాలి. పొగగొట్టం చివర జాలీ కట్టి, దాన్ని విప్పడం మరచిపోకుండా స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టాలి.

డీజిల్ ట్యాంకు నిండుగా ఉంటే లోపల తేమ పట్టే జాగా తగ్గుతుంది. బీమా గడువు ఈ మధ్యలో ముగియకుండా ముందే పునరుద్ధరించాలి.

తిరిగి వచ్చిన నాడు స్విచ్చులేవీ ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. కర్రతో తట్టి, పాములు, తేళ్లు, కందిరీగల తుట్టెలు లేవని చూసుకోవాలి. పొగగొట్టం జాలీ విప్పాకే ఇంజను, జనరేటరు ఆడించాలి. బ్రేకులు సరిచూసుకుని, చిట్యాల దాకా మెల్లగా నడిపి, పక్కకు ఆపి, ప్రతి చక్రం దగ్గరా అరచేయి ఆనించకుండా చేరువగా పెట్టి వేడిని పరీక్షించి, ఒక చక్రం మిగిలినవాటికంటే ఎక్కువ కాగుతుంటే అక్కడే మెకానిక్‌కు చూపించి సరిచేయించాకే హైదరాబాద్ దారి పట్టాలి.

ఇట్లు,
మేనమామ