డార్విన్ ఇంటివాళ్లు ఎలా రాశారంటే



తాతయ్య సంవత్సరీకానికి అచ్చు వేయించబోయే పుస్తకం కోసం నువ్వు రాసి పంపిన పేజీలు అందాయి. మనసు పెట్టి రాశావు. కానీ ‘ప్రేమమూర్తి’, ‘ఆదర్శ భర్త’, ‘మనవల పాలిట కల్పవృక్షం’ లాంటి మాటలు ఏ సంస్మరణ సంచిక తిరగేసినా ఉంటాయి. తాతయ్య పేరు తీసేసి వీధి చివరి ఇంటాయన పేరు పెట్టినా ఆ పేజీలు అలాగే చెల్లిపోతాయి. చదివేవాళ్లకు మనిషి కనపడాలి. అందుకు ఒక ఇంటివాళ్లు తమ పెద్దాయన గురించి ఎలా రాసుకున్నారో చూడు. ఇంగ్లండులో అప్పటి కెంట్ ప్రాంతం, డౌన్ అనే పల్లె, డౌన్ హౌస్ అనే ఇల్లు. పెద్దాయన చార్లెస్ డార్విన్.

పరిణామ సిద్ధాంతం సంగతి బళ్లో చదువుకున్నావు, దాన్ని అలా ఉంచుదాం. 1882 ఏప్రిల్ 19న, 73 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. ఐదేళ్లకు, 1887లో, కొడుకు ఫ్రాన్సిస్ తండ్రి జీవితాన్నీ ఉత్తరాలనూ మూడు సంపుటాలుగా తెచ్చాడు. అందులో తండ్రికి రోజు ఎలా గడిచేదో చెప్పే అధ్యాయం ఒకటుంది. పొద్దున్నే లేచి చిన్న నడక. 7.45కు ఒక్కడే కూర్చుని ఫలహారం. 8 నుంచి 9.30 దాకా పని. రోజు మొత్తంలో తన పని బాగా సాగే వేళ అదేనని ఆయన లెక్క. తర్వాత హాల్లో ఉత్తరాలు చూసుకోవడం, సోఫాలో పడుకుని ఇంట్లోవాళ్లు నవల చదువుతుంటే వినడం. 10.30కు మళ్లీ పని. మధ్యాహ్నం పాలీ అనే తెల్లకుక్క వెంట రాగా తోటలో నడక.

ఆ నడకబాటను ఇంట్లో శాండ్‌వాక్ అనేవారు. ఇనప పొన్ను వేసిన చేతికర్రను నేలకేసి గట్టిగా కొడుతూ నడిచేవాడు. ఆ చప్పుడు పిల్లలందరికీ జ్ఞాపకం ఉండిపోయిందని ఫ్రాన్సిస్ రాశాడు. బాట పక్కన చెకుముకి రాళ్లు పోగేసుకుని, ఎన్ని చుట్లు తిరిగాడో లెక్క తెలియడానికి చుట్టుకొక రాయిని కాలితో తన్నేవాడు. లావు పుస్తకం చేతిలో బరువైతే మధ్యకు కోసి రెండు ముక్కలు చేసుకునేవాడు. కాగితం వృథా చెయ్యబుద్ధి కాక, రాసేసిన కాగితాల వెనకవైపు వాడేవాడు. నస్యం తగ్గించుకోవాలని జాడీని హాల్లో పెట్టించాడు, పీల్చాలనిపించిన ప్రతిసారీ లేచి అంతదూరం నడవాల్సి వస్తుందని.

వీటిలో ఒక్కటీ పొగడ్త కాదు. ఇవన్నీ చదివాక మాత్రం ఆ మనిషి ఎదురుగా వస్తే పోల్చుకోగలం అనిపిస్తుంది. ఫ్రాన్సిస్‌కు ఇది సాధ్యపడడానికి కారణముంది. అతను తండ్రితో కలిసి ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర మొక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. మొక్కను ఎలా చూడాలో తండ్రి నేర్పాడు, కొడుకు తండ్రినీ అలాగే చూశాడు.

ఇక భర్తగా. 1838లో డార్విన్ ఒక కాగితం తీసుకుని, పెళ్లి చేసుకుంటే ఏమిటి, మానేస్తే ఏమిటి అని రెండు వైపులా రాసుకున్నాడు. చదువుకు వేళ తగ్గుతుంది, పుస్తకాలకు డబ్బు తగ్గుతుంది, చుట్టాలిళ్లకు వెళ్లక తప్పదు అని ఒకవైపు. పిల్లలు, ముసలితనంలో తోడు అని రెండోవైపు. చివరికి చేసుకోవాలనే తేల్చుకున్నాడు. 1839 జనవరి 29న ఎమ్మా వెడ్జ్‌వుడ్‌తో పెళ్లయింది. ఆమె ఎవరనుకున్నావు? స్వయానా మేనమామ కూతురు. ఆ మేనరికం వల్ల పిల్లలకు జబ్బులు వస్తున్నాయేమోనన్న దిగులు ఆయన్ను వదల్లేదు. 1871 జనాభా లెక్కల్లో ఇలాంటి పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న చేర్పించమని పార్లమెంటు సభ్యుడైన స్నేహితుడు జాన్ లబక్‌ను కోరాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. తర్వాత కొడుకు జార్జ్ ఆ విషయం మీద స్వయంగా పరిశోధన చేశాడు. మేనరికాలున్న మన ఇళ్లలో ఈ దిగులు తెలియనివాళ్లు తక్కువ.

ఎమ్మాకు దేవుడి మీద గట్టి నమ్మకం. ఆయనకు ఆ నమ్మకం క్రమంగా సడలింది. పెళ్లయిన కొత్తలో ఆమె తన భయాన్ని ఉత్తరంలో రాసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని, తను పోయాక ఆమె చదివేలా, ఆ ఉత్తరం చివర్లోనే రాసి పెట్టాడు. భేదం తీరలేదు, కాపురం 43 ఏళ్లు నిలిచింది. నీ పేజీల్లో నాయనమ్మకూ తాతయ్యకూ ఏనాడూ మాటపట్టింపు రాలేదని రాశావు. నాయనమ్మ చదివితే ఒప్పుకోదు! దేని మీద పడేది కాదో రాయి, పడని రోజున ఏం చేసేవారో కూడా రాయి.

రాత్రిపూట ఆ దంపతులు రోజూ రెండు ఆటలు బ్యాక్‌గామన్ ఆడేవారు. అది పాచికలతో ఆడే ఆట. ఎవరెన్ని గెలిచారో ఆయన లెక్క రాసి పెట్టేవాడు. 1876 జనవరిలో అమెరికాలోని వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో ఆ లెక్క సంబరంగా చెప్పుకున్నాడు: ఎమ్మా 2,490, తను 2,795. ‘అన్యోన్య దాంపత్యం’ అన్న మాట పక్కన ఈ అంకెలు పెట్టి చూడు. 5,285 ఆటలంటే ఎన్ని రాత్రులు ఎదురెదురుగా కూర్చున్నారో నువ్వే లెక్క కట్టుకో.

ఇంకో చిన్న సంగతి. ఎమ్మా వంటల పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో అన్నం వండే విధానం డార్విన్ చేతిరాతలో ఉంది. మరిగే ఉప్పునీళ్లలో బియ్యం పోసి, గడియారం చూసి సరిగ్గా 12 నిమిషాలు ఉడికించి, నీళ్లు వార్చేసి, గిన్నెను నిప్పుల మీద 10 నిమిషాలు ఉంచాలట. గంజి వార్చి నిప్పుల మీద ఉమ్మగిలనివ్వడం మన నాయనమ్మలందరికీ తెలిసిన పనే. ఆ గడియారం మాత్రం పూర్తిగా డార్విన్‌ది.

తండ్రిగా ఆయన్ను గురించి కూతురు హెన్రియెటా చెప్పిన జ్ఞాపకాలు కొన్ని ఫ్రాన్సిస్ పుస్తకంలోనే ఉన్నాయి. నాన్న పని వేళ అంటే ఇంట్లో అందరికీ గౌరవమే. అయినా దారం, గుండుసూదులు, కత్తెర, సుత్తి, స్టాంపులు కావాలంటే పిల్లలు చదువుల గదిలోకే జొరబడేవారు. కసురుకునేవాడు కాదు, చాలాసార్లు అంతరాయమైంది, ఇక రాకుండా ఉండలేరా అని ఓపిగ్గా అడిగేవాడట. కొడుకుల్లో ఒకడు నాలుగేళ్లప్పుడు, పని వేళ ఆడుకోవడానికి రమ్మని ఆరు పెన్నీల నాణెం లంచం ఇవ్వబోయాడు. తోటలో తుమ్మెదలు ఏ దారిన పోతాయో కనిపెట్టడానికి తండ్రి పిల్లలను అక్కడక్కడా నిలబెట్టేవాడు. ఆయన పుస్తకం ‘జాతుల ఉత్పత్తి’ రాతప్రతిలో ఈనాడు మిగిలినవి కొద్ది పేజీలే; వాటిలో కొన్నింటి వెనక పిల్లలు గీసిన రంగుల బొమ్మలున్నాయి. కూరగాయలూ పళ్లూ సైనికులై యుద్ధం చేస్తున్న బొమ్మ ఒకటి.

ఆ దంపతులకు పదిమంది పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దయినవాళ్లు ఏడుగురు. పెద్దకూతురు యానీ సంగతి కాస్త నెమ్మదిగా చదువు, నీకు కావలసిన పాఠం దాన్లోనే ఉంది.

1851లో పదేళ్ల యానీకి జబ్బు ముదిరితే మాల్వర్న్ అనే ఊళ్లో జలచికిత్సకు పంపారు. ఎమ్మా నిండు గర్భిణి, ప్రయాణం చెయ్యలేదు. డార్విన్ కూతురి మంచం పక్కన కూర్చుని, జ్వరం ఎలా ఉందో, ఏం తాగిందో, ఏం మాట్లాడిందో భార్యకు రోజూ ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 23న పాప పోయింది. ఖననానికి కూడా ఆగకుండా మర్నాడే ఎమ్మా దగ్గరికి బయల్దేరాడు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 30న, పాప గురించి కొన్ని పేజీలు రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు రాసుకుంటేనే ముందు ముందు పాప రూపం, స్వభావం కళ్లకు కడతాయని ఆయన ఉద్దేశం.

ఆ పేజీల్లో ఏముంది? తన కోసం చిటికెడు నస్యం దొంగిలించి తెస్తూ మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చే పాప ఉంది. ఎదుటివాళ్లను సంతోషపెట్టానన్న సంతోషంతో వెలిగిపోయే ఆ ముఖం ఉంది. అరగంట సేపు నాన్న జుట్టు సవరిస్తూ కూర్చోవడం, కాలరు సరిచెయ్యడం, శాండ్‌వాక్ మీద ఆయన వడిగా నడుస్తుంటే ముందు గిర్రున తిరుగుతూ పోవడం ఉన్నాయి. నిఘంటువులో మాటలు వెతకడం, పటంలో ఊళ్లు వెతకడం తనకెంత ఇష్టమో ఉంది. అంతటి దుఃఖంలోనూ ఆ తండ్రి చూసింది చూసినట్టు రాశాడు. ఎమ్మా పాప రాతసామగ్రి పెట్టెను దాచింది. నూటయాభై ఏళ్ల తర్వాత ఆ పెట్టె చేతికందిన మునిమనవడి కొడుకు ర్యాండల్ కీన్స్ దాని ఆధారంగా 2001లో ఒక పుస్తకమే రాశాడు.

తాతగా డార్విన్ బతికిన కాలం తక్కువ. 1876 సెప్టెంబరులో ఫ్రాన్సిస్ భార్య ఎమీ ప్రసవమైన కొద్ది రోజులకే కన్నుమూసింది. ఫ్రాన్సిస్ పసివాణ్ణి తీసుకుని తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేశాడు. డార్విన్‌కు అప్పుడు 67, ఎమ్మాకు 68. ఆ వయసులో ఇద్దరూ మళ్లీ ఇంట్లో ఉయ్యాల ఊపారు. ఆ పసివాడే బెర్నార్డ్. పెద్దయ్యాక టైమ్స్ పత్రికకు గోల్ఫ్ ఆట మీద రాసి పేరు తెచ్చుకున్నాడు. వాడి చిన్నతనమంతా వానపాముల రోజులు. డార్విన్ వాటిని మట్టికుండీల్లో ఇంట్లోకి తెచ్చి, చప్పుడు వినిపిస్తుందా అని బాసూన్ అనే వాద్యం ఊదించి, పియానో వాయించి పరీక్షించేవాడు. వానపాముల మీద ఆయన పుస్తకం 1881లో వచ్చింది. ఇంటిల్లిపాదికీ అందులో పని దొరికింది.

ఇంతసేపూ ఆయన మాటే చెప్పాను. ఎమ్మా మాట విడిగా చెప్పాలి. పదిహేడేళ్లలో పది కాన్పులు. దశాబ్దాల తరబడి వాంతులతో, నీరసంతో మంచం పట్టే భర్తకు సేవ. నవలలు చదివి వినిపించింది, ఉత్తరాలు రాసిపెట్టింది, పియానో వాయించింది, అచ్చుప్రతులు దిద్దింది. 1844లో డార్విన్ తన సిద్ధాంతాన్ని ఒక వ్యాసంగా రాసి, తను హఠాత్తుగా పోతే 400 పౌండ్లు ఖర్చుపెట్టి దాన్ని అచ్చు వేయించమని ఆమెకే ఉత్తరం రాసిపెట్టాడు. చివరి గడియల్లో, ఎంత మంచి భార్యవో గుర్తుంచుకో అని ఆమెతోనే అన్నాడు. ఆ మాటలు మనదాకా వచ్చాయంటే ఆమె రాసిపెట్టబట్టే. ఆయన్ను వెస్ట్‌మినిస్టర్ అబీలో ఖననం చేసిన రోజున ఆమె లండన్ వెళ్లలేదు, డౌన్‌లోనే ఉండిపోయింది. ఆమె ఉత్తరాలను తర్వాత హెన్రియెటా పుస్తకంగా తెచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఇంటి కథలో సగం పోయేది. తాతయ్య వేళకు భోంచేసేవారని రాశావు. వండి పెట్టినవారెవరో ఆ వాక్యంలో లేదు. నాయనమ్మ దగ్గర కూర్చున్నప్పుడు ‘తాతయ్య ఎలాంటివారు?’ అని అడగకు. ‘పొద్దున లేవగానే ఏం చేసేవారు? మీరప్పుడు ఏం చేస్తుండేవారు?’ అని అడుగు. ఆయన డైరీలు, పాలలెక్క పుస్తకం, బిల్లుల వెనక వేసిన కూడికలు, అన్నీ ముందేసుకో.

ఇంకొక్క విషయం. డార్విన్ కూడా నీలాగే తాత గురించి రాసిన మనవడే. తాత ఎరాస్మస్ 1802లో పోయాడు, మనవడు పుట్టింది 1809లో. కళ్లతో చూడని ఆ తాత గురించి 1879లో రాస్తూ, అప్పటికే అచ్చులో ఉన్న అపవాదులకు ఇంట్లో దొరికిన ఉత్తరాలతో జవాబు చెప్పాడు. 1876లో తన జీవితకథ పిల్లల కోసం రాసిపెట్టినప్పుడు కూడా, మా తాత ఇలాంటిది ఎంత చప్పగా రాసి ఉన్నా నాకు చదవాలనిపించేది అన్నాడు.

ఈ రెండు రాతలకూ ఇంట్లోనే కోత పడింది. ఎరాస్మస్ జీవితాన్ని అచ్చుకు ముందు హెన్రియెటా కత్తిరించింది. జీవితకథలో దేవుడి గురించి, కొందరు మనుషుల గురించి ఘాటుగా ఉన్న చోట్లను, ఎమ్మా మనసు నొప్పించకుండా 1887లో తీసేశారు. భార్య బతికుండగా ఆ పని చెయ్యడంలో తప్పు లేదు. మేలు జరిగిందెక్కడంటే, రాతప్రతి ఎవరూ చింపలేదు. డార్విన్ కొడుకు హోరెస్ కూతురు నోరా బార్లో, తాత పోయిన మూడేళ్లకు పుట్టిన మనవరాలు, 1958లో దాన్ని ఒక్క వాక్యం వదలకుండా అచ్చు వేయించింది.

కాబట్టి నాయనమ్మ వద్దన్నవి పుస్తకంలో వెయ్యకు. అలాంటివన్నీ వేరే నోటుబుక్కులో, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే రాసి బీరువాలో పెట్టు. పెన్సిలుతో వద్దు, సిరాతో రాయి.

ఆశీస్సులతో,
మీ చిన్నతాతయ్య