మనస్తత్వ శాస్త్రం: డిగ్రీలో ఏం చదువుతాం?

జార్ఖండ్‌లో ఎవరైనా కాస్త వింతగా మాట్లాడితే "నిన్ను రాంచీ పంపించాలి" అంటారు. హైదరాబాదులో అదే వేళాకోళానికి "ఎర్రగడ్డ" అంటారు. రెండు చోట్లా మానసిక వైద్యశాలలు ఉండటమే కారణం. రాంచీ దగ్గర కాంకేలో ఉన్న కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ 1918లో మొదలైంది. వందేళ్లు దాటినా ఆ పేరు ఇంకా ఎగతాళిగానే నడుస్తోంది. అందుకే డిగ్రీలో మనస్తత్వ శాస్త్రం తీసుకుంటామని ఇంట్లో చెబితే అమ్మమ్మ ముందుగా అడిగేది, "పిచ్చికి మందిచ్చే చదువా తల్లీ?" అని. నాన్నగారు అడిగేది వేరు: "దీనికి ఉద్యోగాలుంటాయా?" ఈ రెండింటికీ జవాబు తెలియకుండానే మనలో చాలామంది పదకొండో తరగతిలో స్ట్రీమ్ ఎంచుకుంటున్నారు.

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు సులభం. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయన ముందు ఎంబీబీఎస్ చదివి, తరువాత మనోరోగ వైద్యంలో పై చదువు చదువుతారు. మనస్తత్వ శాస్త్రంలో బీఏ గానీ బీఎస్సీ గానీ చేసినవారు మందులు రాయరు. అసలు ఆ డిగ్రీలో రోగాల గురించి ఉండేది కొద్ది భాగమే. మిగిలినదంతా మామూలు మనుషుల గురించి: మనం ఎలా చూస్తాం, ఎలా గుర్తుపెట్టుకుంటాం, పసిపిల్ల మాట ఎలా నేర్చుకుంటుంది, గుంపులో చేరితే మనిషి ఎందుకు మారిపోతాడు. వీటితో పాటు స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా ఉంటుంది. లెక్కలు తప్పించుకోవచ్చని ఈ సబ్జెక్టు తీసుకునేవారు మొదటి సెమిస్టరులోనే కంగారుపడతారు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి మేము చెబుతున్నాం.

ఈ చదువు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక ప్రయోగం చేసి చూడటమే మేలు. దానికి మన సాక్చిని మించిన చోటు దొరకదు. ఉక్కు కర్మాగారం రాకముందు సాక్చి ఒక పల్లె. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్జీ టాటా పేరు మీద ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాక, పాత పేరు ఒక పేటకు మిగిలింది. కర్మాగారంలోనూ రైల్వేలోనూ పనికి వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల మనవలైనా, నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన మనమైనా ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడతాం. మనలో కొందరికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ పేజీని అమ్మ చదివి పెడితే వింటున్నవాళ్లూ ఉంటారు. సిగ్గుపడకండి, ఈ ప్రయోగంలో మీతోనే పని.

1935లో అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన ఒక పరిశోధన ప్రచురించాడు. ఎరుపు అనే మాటను నీలం సిరాతో, నీలం అనే మాటను ఆకుపచ్చ సిరాతో, ఇలా నూరు మాటలు అచ్చువేసి, మాటను చదవకుండా సిరా రంగు మాత్రమే చెప్పమన్నాడు. ఉత్త రంగు గళ్లు చూసి రంగులు చెప్పడానికి విద్యార్థులకు సగటున 63 సెకన్లు పట్టింది. మాటలు అడ్డొచ్చేసరికి అదే పనికి 110 సెకన్లు పట్టింది. చదవవద్దన్నా కళ్లు చదివేస్తాయి. బాగా అలవాటైన పనిని మనసు ఆపుకోలేదు.

దీన్ని తెలుగులో చేద్దాం. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ అనే నాలుగు మాటలు తీసుకోండి. ఉత్త "పచ్చ" అని రాయకండి. మన భాషలో పసుపునూ పచ్చ అంటాం, ఆకు రంగునూ పచ్చ అంటాం. ఆ గొడవతో ప్రయోగమే పాడవుతుంది. ఒక కాగితం మీద ఇరవై రంగు గళ్లు వేయండి. రెండో కాగితం మీద ఈ నాలుగు మాటలనే ఒక్కోటి ఐదుసార్లు, ఎప్పుడూ వేరే రంగు స్కెచ్ పెన్నుతో, వరస కలిపేసి రాయండి. స్నేహితుణ్ణి రెండు కాగితాల మీదా రంగులు మాత్రమే తెలుగులో చెప్పమని, ఫోనులో సమయం చూడండి. రెండు సమయాల తేడానే మనం కొలవాల్సింది. అందరికీ మొదటి కాగితమే ముందు ఇస్తే, రెండోది వచ్చేసరికి వాళ్లకు అలవాటైపోతుంది లేదా విసుగు పుడుతుంది. అందుకని సగం మందికి రెండో కాగితం ముందు ఇవ్వాలి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో నేర్పేది చాలావరకు ఇలాంటి జాగ్రత్తలే.

ఇప్పుడు అసలు ప్రశ్న. తెలుగు గడగడా మాట్లాడి, చదవడం రానివాళ్లకు ఏమవుతుంది? వాళ్లకు ఆ అక్షరాలు ఉత్త బొమ్మలు. కాబట్టి రంగు చెప్పడంలో తడబాటు దాదాపు ఉండకూడదు. అదే పిల్లవాడికి "లాల్, నీలా, కాలా, హరా" అని హిందీ అక్షరాల్లో రాసిన కాగితం ఇచ్చి, రంగులు హిందీలో చెప్పమనండి. అక్కడ తప్పక ఆగాలి. ఒకే పిల్లవాడిలో రెండు భాషల తేడా చూస్తున్నాం కాబట్టి ఒకడు చురుకు, ఇంకొకడు నెమ్మది అనే గొడవ రాదు. ఏ లిపి అతనికి ఎంతగా ఒంటబట్టిందో సెకన్లలో తెలుస్తుంది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. తమ్ముడి మీద ప్రయోగించి "మొద్దు" అనకండి.

పదిమంది మీద చేస్తే సగటున రెండు సెకన్ల తేడా వచ్చిందనుకోండి. అది నిజమైన తేడానా, ఏదో కాకతాళీయంగా వచ్చిందా? దీన్ని తేల్చడానికే స్టాటిస్టిక్స్ కావాలి. ఇంకో నియమం: ఎవరి మీద ప్రయోగం చేసినా ముందు అడిగి ఒప్పించాలి. రికార్డులో పేర్లు రాయకూడదు, అంకెలే వాడాలి. మధ్యలో మానేస్తానంటే మానెయ్యనివ్వాలి.

పిల్లలు ఎక్కువ భాషలతో పెరిగితే గందరగోళపడతారని ఇప్పటికీ కొందరు పెద్దలు అంటారు. పక్క రాష్ట్రం ఒడిశాలో అజిత్ మొహంతి కోంధు పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్లను ఒడియా మాత్రమే వచ్చినవాళ్లతో పోల్చి చూస్తే, రెండు భాషల పిల్లలు వెనకబడలేదు సరికదా, భాష గురించి ఆలోచించే పనుల్లో ముందున్నారు. బదిలీల మీద బదిలీలు తిరిగే మన ఇళ్లలో ఈ మాట అమ్మానాన్నలకు వినిపించాలి.

మన దేశంలో ఈ శాస్త్రం కొత్తదేమీ కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1915లో పాఠ్యక్రమం, ప్రయోగశాల మొదలై, మరుసటి ఏడాది విభాగం ఏర్పడింది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు ఈ శాస్త్రానికి పేరు తెచ్చారు. తరువాత ఆయన అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

ఇక నాన్నగారి ప్రశ్న. నిజం చెప్పాలంటే మూడేళ్ల డిగ్రీతోనే "సైకాలజిస్టు" బోర్డు పెట్టుకోలేం. ఎంఏ లేదా ఎంఎస్సీ చేయాలి. రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, పేరు నమోదు చేయించుకోవాలి. అంటే ఆరేడేళ్ల ప్రయాణం. అంత ఓపిక లేనివారు డిగ్రీ తరువాత బీఈడీ, సోషల్ వర్క్, మానవ వనరుల నిర్వహణ వైపు వెళ్తుంటారు. ఈ ఊళ్లోనే ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఆ చివరిదానికే పేరుపడింది. ఏ డిగ్రీ చదివినవారైనా దాని ప్రవేశ పరీక్ష రాయవచ్చు.

సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు సైకాలజీ ఉంది గానీ అన్ని బడుల్లోనూ చెప్పరు. చెప్పే బడి నుంచి చెప్పని బడికి బదిలీ అయితే మనకే కష్టం. అయినా దిగులు పడక్కర్లేదు. పన్నెండులో చదవకపోయినా చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీలో చేర్చుకుంటాయి. సాక్చిలోనే కరీం సిటీ కళాశాలలో ఈ విభాగం ఉంది. ఆ కళాశాల చాయిబాసాలోని కోల్హాన్ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. నాన్నగారికి మళ్లీ బదిలీ అయ్యేలా ఉంటే హాస్టలా, ఇగ్నోనా అన్నది చేరేముందే తేల్చుకోండి. ఇగ్నోలోనూ ప్రాక్టికల్స్ ఉంటాయి. అవి ఏ కేంద్రంలో జరుగుతాయో, ఊరు మారితే కేంద్రం మార్చుకోవచ్చో లేదో ప్రాంతీయ కార్యాలయంలో అడగాలి. మధ్యలో కళాశాల మారాల్సివస్తే మార్కుల జాబితాలతో పాటు సంతకాలైన ప్రాక్టికల్ రికార్డును కూడా సర్దుకోండి. సామాన్ల లారీలో వేయకండి, చేతిసంచిలోనే పెట్టుకోండి.