బట్టకు ఆడ, మగ ఉంటదా?



దీపావళి సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు నేను ఒక ఫోటో తెచ్చుకున్నాను. అది మా అన్న ఫోటో. అందులో మా అన్న చీర కట్టుకొని, గాజులు వేసుకొని నిలబడి ఉంటాడు. నేను పెట్టె తెరిచినప్పుడు ఆ ఫోటో కింద పడింది. నలుగురు చూసిండ్రు. "అగో, మీ అన్న చీర కట్టిండు" అని నవ్విండ్రు. నేను కూడా వాళ్ళతో కలిసి నవ్విన. తరువాత ఫోటోను పెట్టె అడుగున పేపరు కింద దాచిన. ఆ రాత్రి నిద్ర రాలేదు. నవ్విన వాళ్ళ మీద కోపం కాదు. నేను ఎందుకు నవ్వినా అని. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మా ఊరి దండారి

మన హాస్టల్లో గోండు, కోలాం, నాయకపోడు, లంబాడ పిల్లలం అందరం ఉన్నాం. కాబట్టి తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. దీపావళి ముందు మా ఆదిలాబాద్ వైపు గోండు గూడేలలో దండారి ఆడుతారు. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని ఆడుతారు. ఈ ఆటకు మార్లవాయి ఊరి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయారు. గుస్సాడీ సంగతి అందరికీ తెలుసు. అయితే అదే జట్టులో ఆడవేషం కట్టే మగపిల్లలు కూడా ఉంటారు. వాళ్ళను పోరిక్ అంటారు. మా అన్న ఈసారి పోరిక్ అయిండు.

ఆ రోజు మా అవ్వ తన మంచి చీర తీసి, తానే కుచ్చిళ్ళు పెట్టి అన్నకు కట్టింది. బాపు గడపలో కూర్చొని చూసిండు. ఎవరూ నవ్వలేదు. అది దేవుని పని. జట్టు పక్క ఊరికి పోతే అక్కడి ముసలోళ్ళు కూడా లేచి రామ్ రామ్ చెప్పిండ్రు. అదే చీర, అదే మనిషి. ఊళ్ళో మర్యాద దొరికింది, హాస్టల్లో నవ్వులాట అయింది. ఇది ఎట్ల?

లుంగీ, లంగా

ఇంట్ల ఉన్నప్పుడు నేను ఒక పని చేసిన. మా బాపు లుంగీని, మా అవ్వ లంగాను దండెం మీద పక్కపక్కన ఆరేసి చూసిన. లుంగీ రెండు కొసలు కలిపి కుట్టి ఉంది. లంగా కూడా అట్లనే కుట్టి ఉంది. ఒకదానికి నాడా ఉంది, ఇంకోదానికి లేదు. అంతే తేడా. లుంగీ కట్టినందుకు బాపును చూసి ఎవరూ నవ్వరు. పంచె కూడా కాళ్ళకు చుట్టుకునే గుడ్డే. మరి మన యూనిఫాం పంజాబీ డ్రెస్సులో కింద ఉన్నది ఏమిటి? ప్యాంటే కదా!

వేరే దేశాలలో

ఇది సోషల్ మేడమ్ చెప్పినది, నేను చదివినది కలిపి రాస్తున్నాను.

బ్రిటన్ ఉత్తర భాగంలో స్కాట్లాండ్ ఉంది. అక్కడి కొండ ప్రాంతం మగవాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఉన్ని బట్టను కుచ్చిళ్ళు పెట్టి నడుముకు కట్టుకునేవాళ్ళు. దాన్ని కిల్ట్ అంటారు. చూస్తే మన స్కర్టు లాగానే ఉంటుంది. 1745లో అక్కడి వాళ్ళు రాజు మీద తిరగబడి, 1746లో ఓడిపోయారు. అప్పుడు ప్రభుత్వం ఆ బట్టలు మగవాళ్ళు కట్టకూడదని చట్టం చేసింది. మొదటిసారి దొరికితే 6 నెలలు జైలు, రెండోసారి దొరికితే 7 సంవత్సరాలు సముద్రం అవతలికి పంపేవాళ్ళు. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం కట్టుకోనిచ్చారు. 1782లో ఆ చట్టం తీసేశారు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు, పండుగలకు అక్కడి మగవాళ్ళు దాన్ని గర్వంగా కట్టుకుంటారు. స్కర్టు లాంటి బట్ట కట్టినవాళ్ళు పిరికివాళ్ళు అయితే ప్రభుత్వం ఎందుకు భయపడింది?

ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊరు ఉంది. 2017 జూన్‌లో అక్కడ ఎండలు బాగా కొట్టినవి. ఒక బడిలో మగపిల్లలను నిక్కర్లు వేసుకోనియ్యలేదు. ఆడపిల్లలకు స్కర్టులు ఉన్నాయి కదా అని సుమారు 30 మంది మగపిల్లలు స్కర్టులు వేసుకొని బడికి వచ్చిండ్రు. ఇది చదివి నేను బాగా నవ్విన. కాని ఇది వాళ్ళను వెక్కిరించే నవ్వు కాదు.

బర్మాలో మగవాళ్ళు, ఆడవాళ్ళు ఇద్దరూ లుంగీ లాంటి బట్టనే కడతారు. మగవాళ్ళు ముందర ముడి వేస్తారు, ఆడవాళ్ళు పక్కకు దోపుకుంటారు. రెండూ ఒక తీరు బట్టలే. అయినా ఆడవాళ్ళ లుంగీ కింద నుంచి మగవాడు నడిస్తే అతని బలం తగ్గిపోతుందని అక్కడ ఒక నమ్మకం ఉంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం గుంజుకున్నది. అప్పుడు జనం వీధులకు అడ్డంగా తాళ్ళు కట్టి, వాటి మీద ఆడవాళ్ళ లుంగీలు ఆరేశారు. తుపాకులు పట్టుకున్న సిపాయిలు వాటి కింద నుంచి పోవడానికి వెనకాడి, ఆగి వాటిని తీసుకుంట కూర్చున్నారు. మగవాళ్ళ లుంగీకి లేని భయం ఆడవాళ్ళ లుంగీకి ఎందుకు? భయం గుడ్డతో కాదు. అది ఎవరిది అన్నదే అసలు సంగతి.

ఆడవాళ్ళు ప్యాంటు వేస్తే

పారిస్ నగరంలో 1800 సంవత్సరంలో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్ళు మగవాళ్ళ బట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలి. అది ఇప్పుడు చెల్లదని అక్కడి ప్రభుత్వం చెప్పింది 2013లోనే. అంత దూరం ఎందుకు? పోయిన ఏడు ఒక పిల్ల వాళ్ళ అన్న ప్యాంటు వేసుకొని కబడ్డీ ఆడితే మనమే "మగరాయుడు" అని పేరు పెట్టినం. ఆ పిల్ల మళ్ళీ ఆ ప్యాంటు వేసుకోలేదు. పేరు పెట్టిన వాళ్ళలో నేను కూడా ఉన్న.

నేను గమనించినది ఏమిటంటే, ఆడపిల్ల ప్యాంటు వేస్తే "పొగరు ఎక్కింది" అంటరు. మగపిల్లగాడు చీర కడితే "సిగ్గు పోయింది" అంటరు. అంటే ప్యాంటు వేస్తే ఎక్కుడు, చీర కడితే దిగుడు అన్నమాట. చీర కట్టేవాళ్ళు కింద ఉన్నారని అనుకుంటేనే కదా దిగుడు అయ్యేది! మా ఊళ్ళో కబడ్డీ ఓడిపోయిన జట్టును "గాజులు తొడుక్కొని ఇంట్ల కూసోండి" అంటరు. మా అవ్వ గాజుల చేతులతోనే పొద్దటి నుంచి మాపు దాకా పత్తి ఏరుతది. మళ్ళీ కట్టెల మోపు మోసుకొస్తది. మన వంట అక్క చీర కొంగు నడుముకు చెక్కి అంత పెద్ద అన్నం గంజు పొయ్యి మీది నుంచి దించుతది. గాజులు వేసుకున్నవాళ్ళు ఇంట్ల ఎక్కడ కూసున్నరు?

కాబట్టి మా అన్నను చూసి నవ్వినప్పుడు నేను మా అవ్వ చీరను చూసి నవ్విన. నన్ను చూసి నేనే నవ్విన.

ఒక నిజం కూడా చెప్పాలి. మా ఊరు అంతా మంచిదని నేను రాయడం లేదు. గుస్సాడీ మగవాళ్ళే కడతారు. ఆడపిల్ల ఎందుకు కట్టదు అంటే ఆచారం అంటరు. ఇంకో మాట కూడా అవ్వను అడిగిన. "పండుగ కాని రోజు అన్న చీర కట్టుకుంటే నవ్వుతరా?" అన్న. "నవ్వుతరు బిడ్డా" అన్నది. కొంచెం ఆగి "నవ్వొద్దు గని నవ్వుతరు" అన్నది. మా అవ్వ బడికి పోలేదు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఆ మాటే బాగా గుర్తున్నది.

ఆలోచించి జవాబు చెప్పండి

1. లుంగీకి, లంగాకు తేడా ఏమిటి?
2. "గాజులు తొడుక్కో" అనే మాట తిట్టు ఎట్ల అయింది?
3. మనం ఎవరికైనా "మగరాయుడు" అని పేరు పెట్టినమా? పెడితే ఆ పిల్లకు ఏమని చెప్పాలి?

రెండో ప్రశ్నకు జవాబు నేను రాసిన. మూడో దానికి జవాబు నిన్న ఆటల పీరియడ్‌లో ఆ పిల్లకే పోయి చెప్పిన.

మా అన్న ఫోటోను ఇప్పుడు పెట్టె మూత లోపల అతికించిన. చూడాలనుకున్న వాళ్ళు వచ్చి చూడవచ్చు. నవ్వు వస్తే ఎందుకు వచ్చిందో నాకు చెప్పండి. తప్పులు ఉంటే మన్నించగలరు.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని