గంట మోగిన తరువాత పాఠం

ధహ్రాన్‌లో గుట్టపై నిలిచిన కింగ్ ఫహద్ పెట్రోలియం, ఖనిజ విశ్వవిద్యాలయం ఈ ప్రాంతంలో నివసించే మనకందరికీ సుపరిచితమైనదే. 1938 మార్చిలో చమురు సమృద్ధిగా లభించి ఈ దేశ చరిత్రను మార్చిన దమ్మాం 7వ నెంబరు బావి కూడా ఈ పరిసరాలలోనిదే. చమురు పరిశ్రమకు కావలసిన నిపుణులను దేశంలోనే తీర్చిదిద్దుకోవాలన్న ఆశయంతో 1963లో కళాశాలగా స్థాపింపబడి, 1964లో 67 మంది విద్యార్థులతో బోధన ప్రారంభించిన ఈ సంస్థ 1975లో విశ్వవిద్యాలయమైనది. 1986లో ప్రస్తుత నామాన్ని పొందినది.

మన పిల్లలలో అనేకులు పన్నెండవ తరగతి ముగియగానే ఉన్నత విద్యకై స్వదేశానికో, మరొక దేశానికో వెళ్ళిపోతారు. వారు ధహ్రాన్‌లో చదివినా, కాకినాడలో చదివినా, అమెరికాలో చదివినా ఈనాడు వారికి రెండు తరగతి గదులు ఉంటున్నవి. ఒకటి గోడలు, బల్లలు ఉన్నది. రెండవది కంప్యూటర్ తెరపై తెరుచుకొనేది. పాఠాలు, ఇంటిపని, పరీక్షలు, మార్కులు అన్నిటినీ ఒకచోట చేర్చే ఆ రెండవ గదిని ఈ వ్యాసంలో ‘పాఠ్యవేదిక’ అని వ్యవహరిద్దాము. అది ఎట్లు పనిచేస్తుందో, దానివలన చదువు నిజముగా పెరుగుతుందో లేదో తెలుసుకొనుట, బిడ్డలను దూరాన ఉంచి చదివించే తల్లిదండ్రులకు ఎంతో అవసరం.

పాఠ్యవేదిక పుట్టుక

కంప్యూటర్ ద్వారా బోధించాలన్న ఆలోచన అంతర్జాలం కంటే పాతది. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం ‘ప్లేటో’ అనే బోధనా వ్యవస్థను ఆరంభించింది. 1990ల మధ్యకాలంలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మర్రీ గోల్డ్‌బర్గ్ ‘వెబ్‌సీటీ’ని రూపొందించారు. 1997లో ‘బ్లాక్‌బోర్డ్’ సంస్థ ఏర్పడి, 2006లో వెబ్‌సీటీని తనలో కలుపుకొన్నది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూజియామాస్ 2002లో విడుదల చేసిన ‘మూడుల్’ను ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును. సౌదీ అరేబియాలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1999లో అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాతి కాలంలో ధహ్రాన్ విశ్వవిద్యాలయంలో తొలుత వెబ్‌సీటీ, అనంతరం బ్లాక్‌బోర్డ్ వాడుకలోకి వచ్చినవి.

లోపల జరిగేది ఏమిటి?

పాఠ్యవేదిక అనగా ప్రధానంగా ఒక పెద్ద చిట్టా. ఎవరెవరు ఏ తరగతికి చెందినవారు, ఎవరికి ఏ అధికారం ఉన్నది, ఎవరు ఎప్పుడు ఏమి చేశారు అన్న మూడు విషయాలను అది నిరంతరం భద్రపరుస్తుంది. అధ్యాపకుడు పాఠాన్ని మార్చగలడు. విద్యార్థి దానిని చదివి, జవాబును సమర్పించగలడు. సహాయకుడు మార్కులు వేయగలడు. ఒకే పుట ముగ్గురికీ మూడు విధాలుగా కనిపించుటకు కారణం ఈ అధికార విభజనయే.

ప్రతి సమర్పణపై సమయముద్ర పడుతుంది. ఇక్కడ మన పిల్లలు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. భారతదేశ కాలమానం సౌదీ కాలమానం కంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. ధహ్రాన్‌లో రాత్రి 11:59 గంటల గడువు, సెలవులకు హైదరాబాదు వెళ్ళిన విద్యార్థికి తెల్లవారుజామున 2:29 అవుతుంది. హైదరాబాదు కళాశాల పెట్టిన అదే గడువు, ధహ్రాన్‌లో తల్లిదండ్రుల వద్దనున్న విద్యార్థికి రాత్రి 9:29కే ముగిసిపోతుంది! గడువు ఏ ఊరి గడియారాన్ని అనుసరిస్తున్నదో తరగతులు మొదలైన వారంలోనే తెలుసుకొనుట మంచిది.

ఇక ప్రశ్ననిధి సంగతి. అధ్యాపకుడు 30 ప్రశ్నలు వ్రాసి ఉంచి, ఒక్కొక్క విద్యార్థికి 10 ప్రశ్నలు యాదృచ్ఛికంగా ఇమ్మని ఆదేశించినాడనుకుందాము. సంయోగ గణితం ప్రకారం 3,00,45,015 వేర్వేరు ప్రశ్నపత్రాలు సాధ్యమవుతాయి. అంతేకాక, ఒకే లెక్కలో దూలంపై పడే బరువును ఒకరికి 20 కిలోలు, మరొకరికి 35 కిలోలుగా మార్చి ఇవ్వవచ్చును. అప్పుడు ప్రక్కవాని జవాబు పనికిరాదు గాని, ప్రక్కవానితో పద్ధతిని చర్చించుట ఇద్దరికీ పనికివస్తుంది.

పరభాషలో చదివేవారికి

ధహ్రాన్ విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఆంగ్లం. అక్కడికి వచ్చే సౌదీ విద్యార్థులలో అధికులు పాఠశాలలో అరబ్బీలో చదివినవారు. అందుకే వారికి మొదట ఒక సన్నాహక సంవత్సరం ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగు కళాశాలలో చేరిన మన పల్లె విద్యార్థి స్థితి కూడా ఇటువంటిదే. చెవి ఒక మాటను పోల్చుకొనే లోపల అధ్యాపకుడు మూడు మాటలు ముందుకు వెళ్ళిపోతాడు.

ఇటువంటి విద్యార్థికి పాఠ్యవేదిక చేసే మేలు గొప్పది. రేపటి పాఠంలోని పటాలు, కొత్త మాటలు ఈ రాత్రే చూసుకొంటే, తరగతిలో మనస్సు భాషతో కుస్తీ పట్టక విషయంపై నిలుస్తుంది. ధ్వనిముద్రిత పాఠమైతే అర్థం కానిచోట ఆపి, వెనుకకు త్రిప్పి వినవచ్చును. నలుగురిలో మళ్ళీ అడుగుటకు సిగ్గుపడే పిల్లవానికి యంత్రాన్ని పదిసార్లు అడుగుటలో సిగ్గు లేదు.

చూచుట వేరు, నేర్చుట వేరు

అయితే ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చూసినవానికి అది వచ్చేసినట్లు తోచుతుంది. 2006లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పికే ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది వ్రాశారు. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే మెరుగు. కాని వారం తరువాత వారికి 42 శాతమే జ్ఞాపకమున్నది. మూసి వ్రాసినవారికి 56 శాతం నిలిచింది.

కనుక పాఠ్యవేదికలో అత్యంత విలువైనది అందమైన వీడియో కాదు, వారం వారం వచ్చే చిన్న పరీక్ష. అందులో తప్పు చేసినా పోయేది ఒకటి రెండు మార్కులే. కాని ఏది రాలేదో సమయానికి తెలుస్తుంది. చిట్టాలో “పాఠం తెరిచెను, 40 నిమిషాలు” అని ఉండవచ్చును. ఆ 40 నిమిషాలు పాఠం తెరపైనున్నదని మాత్రమే దాని అర్థం. విద్యార్థి అక్కడ ఉన్నాడో, నిద్రపోయినాడో యంత్రానికి తెలియదు.

బదులు పలికే మనిషి

2020 మార్చి 9 నుండి కరోనా కారణంగా సౌదీ అరేబియాలోని విద్యాసంస్థలన్నీ మూతపడినప్పుడు రెండవ గదియే ఏకైక గది అయినది. భారతదేశంలోనూ అదే పరిస్థితి. అప్పుడు ఒక సత్యం స్పష్టపడింది. పాఠాలను ఎక్కించి ఊరుకొంటే పాఠ్యవేదిక కాగితాల బీరువాగా మిగిలిపోతుంది. విద్యార్థి అడిగిన సందేహానికి బదులు వచ్చినప్పుడు, దిద్దిన జవాబు కారణంతో సహా తిరిగి అందినప్పుడు, రెండు వారాలు కనిపించని పేరును గమనించి ఎవరైనా “ఏమైంది నాయనా?” అని పలకరించినప్పుడు మాత్రమే అది తరగతి అవుతుంది. వెనుకబడిన పేరును యంత్రం చూపగలదు. పలకరించవలసినది మనిషియే.

ఇది అధ్యాపకులకు ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది. కొందరు తండ్రులు పిల్లల సంకేతపదం అడిగి తీసుకొని, తామే లోపలికి వెళ్ళి మార్కులు చూస్తుంటారు. ప్రేమతో చేసే పనియే అయినా ఇది సరికాదు. నియమ విరుద్ధం కావచ్చును. తండ్రి చదివినదంతా కొడుకు చదివినట్లు చిట్టాకెక్కుతుంది. అన్నిటినీ మించి, బిడ్డ తన కష్టాన్ని దాచుకొనుట నేర్చుకొంటాడు. మొదటి నెలలో చెప్పుకొంటే సరిదిద్దగల విషయం, సెమిస్టరు చివర తప్పిన పరీక్షగా బయటపడుతుంది. అప్పుడు వేల మైళ్ళ దూరంలోనున్న మనము చేయగలిగినది అంతగా ఉండదు.

అందుచేత వారాంతపు ఫోనులో “లాగిన్ అయ్యావా? మార్కులెన్ని?” అన్న ప్రశ్నలకు బదులు, “ఈ వారం చిన్న పరీక్షలో ఏ ప్రశ్న తప్పింది? ఎందుకు తప్పిందో నాకు చెప్పు” అని అడిగి చూడండి. మనకు ఆ శాస్త్రం రాకపోయినా ఫరవాలేదు. వినేవారికి అర్థమయ్యేటట్లు చెప్పబూనుట వలన బిడ్డకే విషయం తేటపడుతుంది. తప్పిన ప్రశ్నను భయం లేకుండా చెప్పగల ఇల్లు ఉన్న విద్యార్థి, అధ్యాపకుని అడుగుటకూ వెనుకాడడు.